కాగితం మీది కోడ్, కోడ్ వెనుక లింకులు

పెళ్లి శుభలేఖ లోపలి మడతలో, పాఠ్యపుస్తకంలో పాఠం పేరు పక్కన, మందుల పెట్టె మీద, కూరగాయల బండి తక్కెడ పక్కన నేడు కనిపించే నలుపు తెలుపు గళ్ల చదరాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. క్విక్ రెస్పాన్స్ అనే రెండు మాటల తొలి అక్షరాలతో ఏర్పడిన ఈ పేరుకు ‘చప్పున బదులిచ్చేది’ అని అర్థం చెప్పుకోవచ్చు. ఫోన్ చెల్లింపుల పుణ్యమా అని మారుమూల పల్లెకు సైతం పరిచయమైన ఈ గుర్తును అచ్చు రంగం మరో పనికి వాడుకుంటోంది. కాగితం మీద చోటు చాలని సమాచారాన్నీ, కాగితం మోయలేని పాటనూ, కదిలే బొమ్మనూ ఇంటర్నెట్‌లో ఉంచి, అక్కడికి చేరే దారిని మాత్రం పేజీ మీద ముద్రించడమే ఆ పని. చేరవలసిన చోటు ఒక్కటే అయితే చిక్కేమీ లేదు. ఒకే కరపత్రం నుంచి, ఒకే పుస్తకపు పుట నుంచి పాఠకుణ్ని నాలుగైదు చోట్లకు పంపవలసి వచ్చినప్పుడు ఏ పద్ధతి నిలుస్తుంది, ఏది కొన్నాళ్లకే కూలిపోతుంది అనేది ఈ ప్రసంగంలో విచారించవలసిన విషయం.

పలు ముక్కలుగా ఉన్న సమాచారాన్ని ఒకే గుర్తులో ఇమడ్చాలన్న అవసరం నుంచే క్యూఆర్ కోడ్ పుట్టింది. అంతకు ముందు వాడుకలో ఉన్నది బార్‌కోడ్, అంటే సన్నవీ లావువీ అయిన నిలువు గీతల వరుస. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని స్కాన్ చేయడంతో చిల్లర దుకాణాల్లోకి ప్రవేశించిన ఆ గీతలు దాదాపు ఇరవై అక్షరాలకు మించి మోయలేవు. టయోటా వాహనాలకు విడిభాగాలు తయారుచేసే జపాన్ సంస్థ డెన్సోలో ఒక్కొక్క పెట్టె మీద పదేసి బార్‌కోడ్‌లు అతికించి ఉండేవి, కార్మికులు వాటిని ఒకదాని తరువాత ఒకటిగా రోజంతా చదివించవలసి వచ్చేది. ఆ చాకిరీని తగ్గించే పనిని చేపట్టిన ఇంజనీరు మసహిరో హారా, గీతలు ఒకే దిక్కుగా సమాచారాన్ని మోస్తున్నాయనీ, నిలువుగానూ అడ్డంగానూ రెండు దిక్కులా మోయించగలిగితే అదే జాగాలో ఎన్నో రెట్లు ఇముడుతుందనీ గ్రహించి, 1994లో ఈ చదరపు కోడ్‌ను రూపొందించాడు. పంతొమ్మిది గీతలు అటూ పంతొమ్మిది గీతలు ఇటూ గీసిన పలక మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పేర్చి ఆడే ‘గో’ అనే ఆట తనకు స్ఫూర్తినిచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. పెట్టె మీది పది గుర్తుల బదులు ఒకే గుర్తు అన్న ఆ తొలి సూత్రం, ముప్పై ఏళ్ల తరువాత శుభలేఖ అచ్చు వేయించేవారు కూడా మరువరానిదే.

కోడ్ మూడు మూలల్లో కనిపించే పెద్ద చదరాల వెనుక ఉన్న ఆలోచన అచ్చు పనివారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. రకరకాల అక్షరాలూ బొమ్మలూ కిక్కిరిసిన కాగితం మీద ‘కోడ్ ఇక్కడ ఉంది’ అని యంత్రానికి తెలియాలంటే, మరెక్కడా తారసపడని ఆనవాలు ఒకటి కావాలి. హారా బృందం కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెల వంటి అచ్చు సామగ్రిని ముందేసుకుని, అందులోని నలుపు తెలుపుల నిష్పత్తులను కొలిచి, అన్నింటికన్నా అరుదుగా కనిపించేది 1:1:3:1:1 అని తేల్చింది. మూల చదరం మధ్యగా ఏ దిక్కున గీత గీసినా నలుపు ఒక వంతు, తెలుపు ఒక వంతు, నలుపు మూడు వంతులు, తెలుపు ఒక వంతు, నలుపు ఒక వంతు వస్తాయి, అందువల్ల కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నా యంత్రం తడుముకోదు. ఈ ఆవిష్కరణపై పేటెంటు ఉన్నప్పటికీ ప్రమాణాలకు లోబడి వాడుకునే వారి మీద ఆ హక్కును ప్రయోగించబోమని సంస్థ ప్రకటించడం, 2000లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు రావడం, 2002 నుంచి జపాన్ ఫోన్లలోనూ 2017లో ఐఫోన్ కెమెరాలోనూ కోడ్ చదివే ఏర్పాటు వచ్చి చేరడం దీని వ్యాప్తికి దారితీశాయి.

ఇక దీని కడుపులో ఎంత పడుతుందో చూడాలి. అతి చిన్న కోడ్‌లో వరుసకు 21 గడులు ఉంటాయి, అతి పెద్దదానిలో 177. ఒక్కొక్క మెట్టుకు నాలుగేసి గడులు పెరుగుతూ మొత్తం 40 పరిమాణాలు ఉన్నాయి. అన్నింటికన్నా పెద్దదానిలో అంకెలైతే 7,089, ఇంగ్లీషు పెద్ద అక్షరాలూ అంకెలూ కలిసి అయితే 4,296, బైట్ల లెక్కన అయితే 2,953 పడతాయి. కంప్యూటరు సమాచారాన్ని దాచుకునే ప్రమాణానికి బైటు అని పేరు. కోడ్‌లోని గడుల్లో కొంత చోటు దోష సవరణకు పోతుంది. అంటే కోడ్‌లో కొంత భాగం చిరిగినా, నూనె మరక పడినా మిగిలిన భాగం నుంచి పోయినదాన్ని తిరిగి లెక్కకట్టేందుకు అదనపు గడులు కేటాయిస్తారు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన పద్ధతి ఇది, గీతలు పడిన సీడీ కూడా పాట పాడేది దీని చలవతోనే. 7, 15, 25, 30 శాతం నష్టాన్ని తట్టుకునే నాలుగు స్థాయులు ఉన్నాయి. స్థాయి పెరిగేకొద్దీ అసలు సమాచారానికి చోటు తగ్గుతుంది.

తెలుగు లిపికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. జపానులో పుట్టింది గనుక ఈ కోడ్‌లో కాంజీ అక్షరాలను పొదుపుగా, ఒక్కొక్కటి 13 బిట్లలో ఇమిడ్చే ఏర్పాటు ఉంది, బైటుకు ఎనిమిది బిట్లు. భారతీయ లిపులకు అటువంటి ఏర్పాటు లేదు. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలే అయినా, కంప్యూటర్లు లిపులకు వాడే యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు అవుతుంది. ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. అదే మాట వెబ్ చిరునామాలో భాగమైతే ఇంకా ఉబ్బుతుంది. చిరునామాల్లో ఇంగ్లీషేతర లిపిని నేరుగా పంపకుండా, ఒక్కొక్క బైటునూ శాతం గుర్తూ దాని వెంట రెండు అక్షరాలూగా మార్చి పంపే ఆనవాయితీ వల్ల, మూడక్షరాల ‘తెలుగు’ 54 అక్షరాల తోరణమై కూర్చుంటుంది. తెలుగు వికీపీడియాలో ఈ మాట పేరుతో ఉండే పుట చిరునామాను తీసుకుంటే, ముందుండే 30 అక్షరాలతో కలిపి 84 అక్షరాలు అవుతుంది. పదిహేను శాతం దోష సవరణతో దానికి 37 గడుల కోడ్ కావాలి. ఇరవై ఆరు అక్షరాలకు మించని పొట్టి చిరునామాకు 25 గడుల కోడ్ సరిపోతుంది. ఆ 84 అక్షరాల తెలుగు చిరునామా వంటివి మూడింటిని ఒకే కోడ్‌లో కుక్కితే 65 గడులు తప్పవు. రెండు సెంటీమీటర్ల జాగాలో ముద్రించినప్పుడు పొట్టి చిరునామా కోడ్‌లో ఒక్కొక్క గడి 0.8 మిల్లీమీటర్లు ఉంటే, ఈ మూడు చిరునామాల కోడ్‌లో 0.3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. న్యూస్‌ప్రింట్ కాగితం మీద సిరా పాకే స్వభావానికి అంత చిన్న గడి ఆనదు.

పలు లింకులను ఒకే కోడ్‌లో నేరుగా పోయడంలో జాగా సమస్య కన్నా పెద్దది మరొకటి ఉంది. క్యూఆర్ కోడ్‌కు సొంత తెలివి లేదు. అది తనలోని అక్షరాలను ఫోన్‌కు అప్పగించి ఊరుకుంటుంది, వాటిని ఏం చేయాలన్నది ఫోన్ నిర్ణయిస్తుంది. అప్పగించింది ఒకే చిరునామా అయితే ఫోన్ దాన్ని గుర్తించి తెరవడానికి సిద్ధపడుతుంది. వరుసగా మూడు చిరునామాలు వస్తే, కొన్ని ఫోన్లు వాటిని ఉత్త పాఠంగా చూపి వదిలేస్తాయి, కొన్ని ఇంటర్నెట్‌లో వెతకమంటారా అని అడుగుతాయి. పెళ్లింటి తాతగారు ఆ మూడు వరుసల్లోంచి కావలసినదాన్ని వేలితో ఒత్తి పట్టి, నకలు చేసి, వేరే చోట అతికిస్తారని ఆశించడం అత్యాశ.

ఈ చిక్కుకు విరుగుడుగా చాలామంది ఎంచుకునేది, ఎన్ని లింకులు ఉంటే అన్ని కోడ్‌లు అచ్చువేయడం. శుభలేఖే దీనికి మంచి ఉదాహరణ. ముహూర్తం ఒక ఊళ్లో, విందు మరో ఊళ్లో అయినందువల్ల రెండు మ్యాపులు కావాలి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండిపోయిన అన్నయ్యా వదినలకు ప్రత్యక్ష ప్రసారం లింకు కావాలి. వచ్చేవారి సంఖ్య తెలుసుకోవడానికి ఒక ఫారం, ఆ తరువాత ఫోటోల ఆల్బం. ఐదు కోడ్‌లను కార్డు వెనుక వరుసగా పేరిస్తే, కెమెరా చట్రంలోకి ఒకేసారి రెండు మూడు వచ్చి పడతాయి, ఫోన్ ఏది ముందు పసిగడితే దాన్నే పట్టుకుంటుంది, కల్యాణ మండపానికి దారి అడిగిన బంధువు ఇంకా మొదలే కాని ప్రత్యక్ష ప్రసారం ముందు నిలబడతాడు. పైగా అన్నీ ఒకే పోలికలో ఉండే ఆ చదరాలకు కింద రాసిన చిన్న పేర్లే తేడా, ఆ పేర్లు చదవడానికి కళ్లజోడు కావాలి. తప్పనిసరై రెండు కోడ్‌లు వేయవలసి వస్తే వాటిని కార్డు చెరో అంచుకూ జరపడం కనీస జాగ్రత్త. రెండు దాటితే ఆ పద్ధతిని మానుకోవడమే మేలు.

మిగిలిన మార్గం ఒకటే, అదే సరైనది కూడా. కోడ్‌లో ఒకే ఒక పొట్టి చిరునామా ఉంచి, ఆ చిరునామాలో ఒక చిన్న వెబ్‌పేజీ పెట్టి, లింకులన్నింటినీ ఆ పేజీలో పేర్చడం. దీన్ని గుమ్మం పేజీ అనుకోవచ్చు. గుమ్మం దాటినవారికి ‘ముహూర్తం మండపానికి దారి’, ‘విందు జరిగే హాలుకు దారి’, ‘ప్రత్యక్ష ప్రసారం’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో మీటలు కనిపిస్తాయి. ప్రసారం లింకు చివరి నిమిషంలో మారితే పేజీలో మార్చుకోవచ్చు, పంచిన ఐదువందల కార్డులను వెనక్కి పిలవనక్కర లేదు. అచ్చయిన కాగితానికి సవరణ లేదన్న పాత సత్యాన్ని తప్పించుకోవడానికి అచ్చుశాలకు దొరికిన వెసులుబాటు ఇది.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున అమలైన రంగం భారతీయ పాఠ్యపుస్తకం. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా, పరితెవాడి అనే చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన రంజిత్‌సిన్హ్ దిసాలే, పిల్లల ఇంటిభాష కన్నడమనీ పుస్తకం ఆ భాషలో లేదనీ గమనించి, పుస్తకాలను వారి భాషలోకి మార్చడమే గాక, పాఠాలకు క్యూఆర్ కోడ్‌లు జోడించి వాటి ద్వారా పద్యాల శ్రవణం, వీడియో పాఠాలు, కథలు, అభ్యాసాలు అందేలా చేశాడు. ఆయన కృషికి 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ లభించగా, పది లక్షల డాలర్ల ఆ బహుమతిలో సగాన్ని తనతో పాటు తుది జాబితాలో నిలిచిన తొమ్మిది మంది ఉపాధ్యాయులకు పంచిపెట్టాడు. జాతీయ స్థాయిలో, పాఠ్య వనరులను ఇంటర్నెట్‌లో అందించే ‘దీక్ష’ వేదికను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర కనిపించే కోడ్‌లు ఈ ఒరవడిలోనివే.

దీక్ష కోడ్‌ను దగ్గరగా పరిశీలిస్తే, ఇంతవరకు చెప్పిన సూత్రం రూపుకట్టి కనిపిస్తుంది. చదరం కింద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరక్షరాల సంకేతం ఒకటి అచ్చయి ఉంటుంది. కోడ్ మోసేది నిజానికి ఆ సంకేతంతో కూడిన చిరునామానే తప్ప వీడియోల లింకులను కాదు. ఫోన్ దాన్ని వేదికకు అందించినప్పుడు, ఆ సంకేతానికి ఆనాటికి ఏయే వనరులు జతపరచి ఉన్నాయో వేదిక వెతికి జాబితా చూపుతుంది. ఒక వీడియో, ఒక అభ్యాస పత్రం, ఉపాధ్యాయుడికి బోధన సూచనలు, ఏవైనా కావచ్చు. పుస్తకం అచ్చయిన నాటికి ఒక్క వనరూ సిద్ధం కాకపోయినా కోడ్ ముద్రించవచ్చు. మూడేళ్ల తరువాత మెరుగైన వీడియో తయారైతే పాతదాని చోట పెట్టవచ్చు. కెమెరా పాడైనా, ముద్రణ అలికినట్టు పడినా, ఆ ఆరక్షరాలను టైపు చేసి అదే చోటికి చేరవచ్చు. పుస్తకం అన్న చేతి నుంచి తమ్ముడి చేతికి, అక్కడి నుంచి పక్కింటి పిల్ల చేతికి పోయే సమాజంలో, కాగితం కన్నా వేగంగా మారే విషయాన్ని కాగితం బయట ఉంచిన ఈ ఏర్పాటు తెలివైనది. అయితే కోడ్ ఉన్నంత మాత్రాన దాని వెనుక సరుకు ఉన్నట్టు కాదు. ఖాళీ జాబితా ఒకసారి ఎదురైన పిల్లవాడు రెండోసారి ఫోన్ ఎత్తడు.

ఒకే కోడ్ వెనుక పలు లింకులు ఉంచి, ఎంపికను కూడా పాఠకుడికి వదలకుండా యంత్రమే చూసుకునే పద్ధతులు ఇంకొక మెట్టు పైవి. ఫోన్ ఏ వెబ్‌పేజీని అడిగినా, తన యజమానికి ఏ భాష ఇష్టమో ఆ అభ్యర్థనతో పాటు చెప్పుకుంటుంది. ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకుని 2011లో ఇంగ్లండులోని డెర్బీ మ్యూజియంలో ‘క్యూఆర్‌పీడియా’ అనే ఏర్పాటు మొదలైంది. ప్రదర్శన వస్తువు పక్కన ఒకే కోడ్ ఉంటుంది. ఫ్రెంచి ఫోన్‌తో స్కాన్ చేసినవారికి ఫ్రెంచి వికీపీడియా వ్యాసం, జర్మన్ ఫోన్ ఉన్నవారికి జర్మన్ వ్యాసం తెరుచుకుంటుంది. మరుసటి ఏడాది వేల్స్‌లోని మన్మత్ పట్టణం తన వీధుల్లో, భవనాల మీద, దుకాణాల కిటికీల మీద వెయ్యికి పైగా ఇటువంటి కోడ్‌లు నిలిపి, ఎండావానలకు చెదరకుండా కొన్నింటిని పింగాణీ పలకల మీద వేయించింది. అమరావతి స్తూపం శిల్పాలను ఒక్క ఊళ్లోనే చూడలేని పరిస్థితిలో, అంటే కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నందువల్ల, వాటి ముందు నిలబడే తెలుగు సందర్శకుడికి ఇటువంటి ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు. అతని ఫోన్ తెలుగులో అడగాలి, అడిగినప్పుడు అందించడానికి తెలుగు వ్యాసం ఒకటి ఉండాలి. మొదటిది సెట్టింగులలో ఒక మార్పుతో అయ్యే పని, రెండవది రాసేవారి పని.

వాణిజ్యంలో ఇదే ఆలోచన ప్రమాణంగా స్థిరపడుతోంది. బార్‌కోడ్ సంఖ్యలను ప్రపంచమంతటా కేటాయించే జీఎస్1 సంస్థ, 2027 చివరికి దుకాణాల బిల్లు కౌంటర్లు గీతల కోడ్‌తో పాటు చదరపు కోడ్‌నూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో వస్తువు సంఖ్య వెబ్ చిరునామా రూపంలోనే ఉంటుంది, బిల్లు యంత్రం దానిలోంచి సంఖ్యను మాత్రం తీసుకుంటుంది, కొనేవారి ఫోన్‌కు వాడే విధానం, పోషక వివరాలు, ఫిర్యాదు చేసే చోటు వంటి వేర్వేరు లింకులు అందుతాయి. భారతదేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరుపొందిన మందుల బ్రాండ్ల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి అయింది. అయితే అందులో ఉండవలసినవి లింకులు కాక, మందు అసలు పేరు, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు సంఖ్య వంటి వివరాలు. సమాచారం తక్కువై, ఎన్నటికీ మారనిదై, నెట్‌వర్కు లేని చోట కూడా అవసరమైనదైతే దాన్ని కోడ్‌లోనే ఉంచడం సబబు.

గుమ్మం పేజీ పద్ధతికి ఉన్న పెద్ద బలహీనత, గుమ్మం కూలితే అన్ని దారులూ ఒకేసారి మూసుకుపోవడం. కాగితానికీ లింకుకూ ఆయుష్షులో పొంతన లేదు. మంచి కాగితం మీద అచ్చయిన పుస్తకం నూరేళ్లు చదువుకోవచ్చు. లింకు సంగతి వేరు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందుబాటులో లేకుండా పోయాయి. అంతకు ముందు హార్వర్డ్ న్యాయశాస్త్ర పండితులు జరిపిన పరిశీలనలో, అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉదహరించిన లింకుల్లో సగం, మొదట ఉద్దేశించిన సమాచారానికి చేర్చడం లేదని తేలింది. తీర్పుల్లో ఇచ్చిన ఆధారాలకే ఆ గతి పట్టినప్పుడు కరపత్రం మాట చెప్పాలా?

పొట్టి చిరునామాలు ఇచ్చే ఉచిత సేవలను నమ్ముకోవడం ఇంకా ప్రమాదకరం. గూగుల్ సంస్థ నడిపిన గూ.జీఎల్ అనే పొట్టి చిరునామాల సేవ 2019లో కొత్తవి ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టు 25తో పాతవీ పనిచేయవని ముందు ప్రకటించి, ఆ నెల మొదట్లో మనసు మార్చుకుని, వాడుకలో ఉన్నవాటిని కొనసాగిస్తామంది. అంత పెద్ద సంస్థ ఇచ్చిన చిరునామా మీద ఆధారపడి పుస్తకాలు అచ్చువేసినవారు ఏడాదికి పైగా గాలిలో వేలాడవలసి వచ్చింది. ‘డైనమిక్ కోడ్’ పేరిట నెలవారీ చందాకు అమ్ముడయ్యే సేవల్లో మరో మెలిక ఉంది. కోడ్‌లో ఉండేది ఆ సేవాసంస్థ చిరునామా. అక్కడి సర్వర్ పాఠకుణ్ని అసలు చోటికి దారి మళ్లిస్తుంది. చందా ఆగితే మళ్లింపు ఆగుతుంది, అచ్చయిన పదివేల ప్రతులూ మూగబోతాయి. జర్మనీలో 2015లో ఒక ప్రసిద్ధ ఆహార సంస్థకు ఇంతకన్నా నగుబాటు జరిగింది. పోటీ కోసం కెచప్ సీసా మీద కోడ్ వేసి, పోటీ ముగిశాక ఆ డొమైన్ పేరును, అంటే ఇంటర్నెట్‌లో తన చిరునామా హక్కును, పునరుద్ధరించుకోలేదు. ఇంకెవరో దాన్ని కొనుక్కున్నారు. భోజనాల బల్ల దగ్గర సీసాను స్కాన్ చేసిన వినియోగదారుడికి అశ్లీల వెబ్‌సైటు తెరుచుకుంది. సీసా వంటింట్లో ఎన్నాళ్లుంటుందో లెక్కవేయని ఫలితం అది.

అందువల్ల కోడ్‌లోకి ఎక్కే చిరునామా, అచ్చువేయించే సంస్థ సొంత డొమైన్‌లోనిదే కావాలి. పత్రిక అయితే పత్రికది, గ్రంథాలయం అయితే గ్రంథాలయానిది. దానికి అయ్యే వార్షిక రుసుము, వెయ్యి కరపత్రాల అచ్చు ఖర్చుతో పోలిస్తే ఏపాటిది కాదు. ఆ సొంత చిరునామా నుంచి ఎక్కడికి మళ్లించాలన్నది తరువాత ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఈ మళ్లింపుల్లో శాశ్వతమని చెప్పేది 301 అనే సంకేతం, తాత్కాలికమని చెప్పేది 302. అచ్చు కోడ్‌లకు రెండవదే తగినది. శాశ్వతమని ఒకసారి చెప్పించుకున్న ఫోన్, ఆ సమాధానాన్ని గుర్తుపెట్టుకుని, గమ్యం మారిన తరువాత కూడా పాత చోటికే పోయే అవకాశం ఉంది.

అచ్చుశాలలో జరిగే పొరపాట్లు వేరే రకం. కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ అంచు ఉండాలని ప్రమాణం చెబుతుంది. డీటీపీ చేసేవారి కంటికి ఆ తెల్లజాగా వృథాగా తోచి, దాని దాకా అక్షరాలు తెచ్చి ఆనించడమో, అందంగా ఉంటుందని చుట్టూ లతల అంచు గీయడమో జరుగుతుంది. ఫోర్ కలర్ ముద్రణలో నలుపును నాలుగు రంగుల మిశ్రమంగా వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గడుల అంచులు చెదురుతాయి గనుక, కోడ్‌ను ఒక్క నల్ల సిరాతోనే వేయాలి. శుభలేఖల వాళ్లు ఇష్టపడే బంగారు రేకు అచ్చు ఈ పనికి శత్రువు. ఎర్ర కాగితం మీద మెరిసే బంగారు గడులు ఒక వైపు నుంచి నలుపుగా, మరో వైపు నుంచి తెలుపుగా కనిపించి కెమెరాను తికమక పెడతాయి. పుస్తకంలో కుట్టు వైపు అంచున కోడ్ పెడితే పేజీ వంపులో చదరం వంకరపోతుంది. బొమ్మను వాట్సాప్‌లో పంపించుకుని దాన్నే పెద్దది చేసి ఫ్లెక్సీకి వాడితే గడుల అంచులు బూజుపట్టినట్టు అలుక్కుపోతాయి, ఎంత పెంచినా అంచు చెదరని వెక్టర్ ఫైలు అడిగి తీసుకోవాలి. చూసే దూరంలో పదో వంతు ఉండాలన్నది కోడ్ వెడల్పుకు వాడుకలో ఉన్న లెక్క. చేతిలో పట్టుకునే కరపత్రానికి రెండు రెండున్నర సెంటీమీటర్లు చాలు. పది మీటర్ల అవతల నుంచి చూసే ఫ్లెక్సీకి మీటరు వెడల్పు కావాలి. కూడలిలో స్తంభం ఎత్తున అరచేయంత కోడ్ వేసి, మోటారు సైకిలు మీద పోయేవాడు స్కాన్ చేయాలని కోరుకునే ఫ్లెక్సీలు ఏ ఊళ్లో చూసినా కొదవలేదు. వీటన్నింటికీ మందు ఒకటే. ప్రూఫు కంప్యూటరు తెర మీద కాక, అసలు కాగితం మీద, అసలు కొలతలో తీసి, ఒక కొత్త ఫోన్‌తో, ఒక నాలుగేళ్ల పాత ఫోన్‌తో, సాయంత్రపు వెలుతురులో చదివించి చూడాలి.

మనిషి కంటికి అన్ని కోడ్‌లూ ఒకేలా ఉండడం మోసగాళ్లకు వరమైంది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 2022 జనవరిలో పార్కింగ్ రుసుము యంత్రాల మీద ఎవరో నకిలీ కోడ్ స్టిక్కర్లు అతికించి, చెల్లింపులను తమ వైపు తిప్పుకోవడానికి ప్రయత్నించారు. గోడపత్రిక మీద ఉన్న కోడ్‌కు ఇటువంటి ముప్పు ఎక్కువ, పుస్తకం లోపలి పుటకు తక్కువ. చదరం కింద చిరునామాను మామూలు అక్షరాల్లో అచ్చువేసి, ఇది తెరిస్తే ఏమేమి దొరుకుతాయో ఒక వాక్యంలో చెప్పడం వల్ల, ఫోన్ తెర మీద కనిపించిన చిరునామాను కాగితం మీది దానితో పోల్చుకునే వీలు పాఠకుడికి కలుగుతుంది. ఎందుకో చెప్పకుండా ‘స్కాన్ చేయండి’ అని మాత్రమే రాసిన కోడ్, పేరు చెప్పకుండా తలుపు తట్టే మనిషి వంటిది.

ఆ అక్షరాల చిరునామా చేసే మరో మేలు, కెమెరా లేని సాదా ఫోన్ వాడేవారికీ, చదరం ఎక్కడుందో వెతుక్కోలేని చూపులేనివారికీ అందే మేలు. సాదా ఫోన్ ఉన్నవారు ఆ చిరునామాను ఇంకొకరికి చెప్పి తెరిపించుకోగలరు, చూపులేనివారు ఇంకొకరి చేత చదివించుకుని తెరుచుకోగలరు. రేడియోకు సైతం అదే ఆధారం. ఈ ప్రసంగంలో ఒక కోడ్‌ను శ్రోతలకు చూపడం అసాధ్యం, దాని కింద ఉన్న ఆరక్షరాలను చదివి వినిపించడం సాధ్యం. అందుకే చిరునామా కట్టేవారు దాన్ని పైకి చదివి చూసుకోవాలి. ఇంగ్లీషు సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ, ఒకటి అంకెకూ ‘ఐ’ అక్షరానికీ కంటికి తేడా తెలియదు. బీ, డీ, పీ, టీ అక్షరాలు గరగరలాడే రేడియోలో ఒక్కలాగే వినిపిస్తాయి. సొంత డొమైన్ పేరు తరువాత నాలుగు అంకెలు మాత్రమే ఉండే చిరునామా, ఉదాహరణకు ఏడు, మూడు, తొమ్మిది, నాలుగు అని తెలుగులో నిదానంగా చదివితే, కాగితం పెన్సిలు దగ్గర లేని శ్రోతకు కూడా ప్రసారం ముగిసేదాకా గుర్తుంటుంది.